పెద్ద అణువు ముందు, చిన్న అణువు వెనుక

గడ్డపోతారం పేరు వినగానే మందుల కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. పారాసిటమాల్ వంటి మందులో అణువులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. దేన్ని తీసుకున్నా అణుభారం 151. పాలిమర్ల సంగతి వేరు. చిన్న అణువులు గొలుసులా కలిసి పాలిమర్ ఏర్పడుతుందని మీరు చదువుకున్నారు కదా! ఒకే సీసాలోని పాలిమర్‌లో పొట్టి గొలుసులూ ఉంటాయి, పొడుగువీ ఉంటాయి.

ఈ తేడా ప్రాణం మీదికి వచ్చే సందర్భాలున్నాయి. చక్కెర ద్రావణంలో కొన్ని బాక్టీరియాలు డెక్‌స్ట్రాన్ అనే జిగురును తయారుచేస్తాయి. దాన్ని శుద్ధిచేసి, గొలుసులను తగిన పొడవుకు తెంచి, రక్తం ఎక్కువగా పోయిన రోగులకు సెలైన్ మాదిరిగా ఎక్కిస్తూ వచ్చారు. గొలుసులు మరీ పొట్టివైతే మూత్రపిండాల గుండా త్వరగా బయటికి పోతాయి. మరీ పొడుగువైతే ఎర్ర రక్తకణాలు ఒకదానికొకటి అంటుకొని దొంతరలు కడతాయి. డెక్‌స్ట్రాన్ 40 అనే మందులో 40 అంటే సగటు అణుభారం 40,000 అని అర్థం.

మరి పొట్టివాటినీ పొడుగువాటినీ వేరుచేయడం ఎలా? జల్లెడ పట్టాలంటారా? జల్లెడలో సన్నవి ముందు కిందికి దిగుతాయి. ఇక్కడ పెద్దవే ముందు దిగుతాయి!

1959లో స్వీడన్ శాస్త్రజ్ఞులు యెర్కర్ పోరాత్, పేర్ ఫ్లోడిన్ ఈ పద్ధతిని ప్రకటించారు. వారు వాడినదీ డెక్‌స్ట్రానే. గొలుసుల మధ్య అడ్డముడులు వేస్తే అది నీటిలో కరగదు, ఉబ్బి జెల్ గింజలవుతుంది. గింజ నిండా సన్నని రంధ్రాలే. గాజు గొట్టంలో ఈ గింజలు నింపి, పైన మిశ్రమం వేసి, నీరు పోస్తూ ఉండాలి.

పటాన్‌చెరు మీదుగా పోయే బొంబాయి రోడ్డును తలచుకోండి. లారీ సందుల్లో దూరలేదు, నేరుగా సాగిపోతుంది. సైకిలు మీద కుర్రవాడు ప్రతి సందులోకీ దూరి వస్తాడు. ఎవరు ముందు ఊరు దాటుతారు?

గింజల మధ్య 35 మి.లీ., రంధ్రాల్లో 60 మి.లీ. నీరుందనుకుందాం. ఏ రంధ్రంలోనూ పట్టని అణువు 35 మి.లీ. దగ్గరే బయటపడుతుంది. అన్నిటిలో దూరే ఉప్పు 95 దగ్గర వస్తుంది. రంధ్రాల నీటిలో సగం వరకే అందగలిగినది ఎక్కడ వస్తుందో మీరే లెక్కకట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి: గొట్టం అణువు బరువును తూచదు. నీటిలో గొలుసు చుట్టుకున్న ఉండ ఎంత పెద్దదో అదే చూస్తుంది.

ఈ రంధ్రాలను కంటితో చూడగలమా? చాలా జెల్‌లలో అవి కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నవి, కాబట్టి మామూలు సూక్ష్మదర్శినికి అందవు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో శూన్యం ఉంటుంది. అందులో నీరు ఆవిరై జెల్ ముడుచుకుపోతుంది. ఎండిన వడియాన్ని చూసి పిండి ఎంత జారుగా ఉండేదో చెప్పగలమా? మెల్లగా గడ్డకట్టిద్దామంటే మంచు స్ఫటికాలు పెరిగి జెల్ పోగులను పక్కకు నెట్టేస్తాయి. 1980ల తొలినాళ్లలో జాక్ డుబోషే బృందం నీటిని అతి వేగంగా చల్లార్చి, స్ఫటికాలు ఏర్పడే వ్యవధి లేకుండా గాజులా బిగిసేట్టు చేసింది. 2017లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఇలా బిగిసిన పలుచని పొరను చల్లగా ఉంచే చూడవచ్చు.

కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శినిది మరో దారి. పాలిమర్‌కు మెరిసే రంగు అంటించి, గింజను కోయకుండానే లోపల ఒక్కొక్క పొరనే చూపుతుంది. రంధ్రం కనబడదు గాని పాలిమర్ ఎంత లోతుకు చేరిందో తెలుస్తుంది.

రంధ్రాల కొలతకు గొట్టమే పనికివస్తుంది. పరిమాణం తెలిసిన గొలుసులను పంపి, ఏది ఎప్పుడు వచ్చిందో చూస్తే చాలు. ఆ లెక్కకూ ఎండబెట్టి తీసిన చిత్రానికీ పొంతన కుదరకపోతే, నేను ముందు అనుమానించేది చిత్రాన్నే.