తొంభై ఏళ్ల నిరీక్షణ

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడల చరిత్ర అనగానే విజేతల పేర్లు, పతకాల పట్టికలు స్ఫురిస్తాయి. గెలుపు దూరమైన కాలంలో ఒక క్రీడాసంస్థ ఎలా నిలిచింది, దాన్ని నిలిపినవారెవరు అన్నది కూడా చరిత్రలో భాగమే. బెల్జియం దేశంలోని ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఉత్థాన పతనాల ద్వారా ఈ విషయాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఐరోపా ఖండంలో ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల నడుమ ఉన్న చిన్న దేశం బెల్జియం. దాని రాజధాని బ్రస్సెల్స్ ప్రాంతం 19 పురపాలక విభాగాల సముదాయం. వాటిలో ఒకటైన సాన్ జిల్ విస్తీర్ణంలో చాలా చిన్నది. 1897 నవంబరు 1వ తేదీన అక్కడి యువకులు కొందరు కలిసి ఒక ఫుట్‌బాల్ క్లబ్బును స్థాపించారు. దానికి ‘యూనియన్ సాన్ జిల్వాజ్’ అని పేరు పెట్టారు. ‘సాన్ జిల్ వారి సంఘం’ అని ఆ పేరుకు అర్థం. పసుపు, నీలం ఆ క్లబ్బు వర్ణాలు. అభిమానులు దాన్ని ముద్దుగా ‘యూనియన్’ అని మాత్రమే పిలుచుకొంటారు.

పుట్టిన ఏడేళ్లకే యూనియన్ దేశంలో అగ్రస్థానానికి చేరుకొంది. 1904లో తొలిసారి జాతీయ లీగ్ విజేతగా నిలిచింది. 1913 నాటికి ఏడుసార్లు ఆ ఘనతను సాధించింది. 1913, 1914 సంవత్సరాల్లో బెల్జియం కప్పును కూడా గెలుచుకొంది. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడి, దేశం శత్రుసేనల వశమైంది. క్రీడా జీవితం స్తంభించింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, అంటే 1919లో, యూనియన్‌కు కొత్త మైదానం ఏర్పడింది. అది సాన్ జిల్‌లో లేదు. పొరుగున ఉన్న ఫోరే అనే పురపాలక విభాగంలో, డూడెన్ పార్కు చెట్ల మధ్య ఉంది. ఇటలీ దేశపు మిలాన్ జట్టుతో ఆడిన ఆటతో దానికి ప్రారంభోత్సవం జరిగింది. 1926లో ఆ మైదానానికి కొత్త ముఖభాగాన్ని నిర్మించి, క్రీడాకారుల రూపాలను గోడమీద శిల్పాలుగా చెక్కించారు. తరువాతి కాలంలో క్లబ్బు అధ్యక్షుడు జోసెఫ్ మారియెన్ పేరు ఆ మైదానానికి స్థిరపడింది. ఒకవైపు శిల్పాలు తీర్చిన గోడ, మరొకవైపు గుబురుగా పెరిగిన చెట్లు. ఈ నాటికీ ఆ మైదానానికి అవే అలంకారాలు.

1930 దశకం యూనియన్ చరిత్రలో స్వర్ణయుగం. 1933, 1934, 1935 సంవత్సరాల్లో ఆ జట్టు వరుసగా మూడుసార్లు జాతీయ విజేత అయింది. 1933 జనవరి నుంచి 1935 ఫిబ్రవరి వరకు జరిగిన 60 లీగ్ ఆటల్లో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఆనాటి జట్టు నాయకుడు జూల్ పప్పార్ట్ పేరుతో, బెల్జియంలో ఎక్కువ ఆటలపాటు ఓటమి ఎరుగని జట్టుకు ఆ తర్వాత ఒక బహుమతిని కూడా నెలకొల్పారు. ఆ 60 ఆటల పరంపరకు తెరదించిన జట్టు మరేదో కాదు, బ్రస్సెల్స్ నగరానికే చెందిన డేరింగ్ క్లబ్బు.

యూనియన్‌కు, డేరింగ్‌కు మధ్య ఉన్న స్పర్ధ మైదానానికే పరిమితం కాలేదు. 1938లో ‘బొస్‌మాన్స్ ఎ కొపెనొల్’ అనే హాస్యనాటకం ఆ స్పర్ధనే ఇతివృత్తంగా గ్రహించింది. రెండు క్లబ్బుల అభిమానుల కుటుంబాల మధ్య ప్రేమ, ఆ ప్రేమకు ఫుట్‌బాల్ తెచ్చిన చిక్కులు అందులోని కథ. ఆ నాటకం బ్రస్సెల్స్ వాసులకు ఎంతో ప్రీతిపాత్రమైంది. ఒక క్లబ్బు సామాన్య జనజీవనంలో ఎంత లోతుగా పెనవేసుకుపోయిందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అయితే కలిమిలేములు కావడికుండలన్నది లోకోక్తి. 1935లో సాధించిన విజయం యూనియన్‌కు పదకొండవది. పన్నెండవ దానికోసం ఎంతకాలం ఎదురుచూడవలసి వస్తుందో ఆనాడు ఎవరూ ఊహించలేదు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత బ్రస్సెల్స్‌లో ఆండర్‌లెక్ట్ అనే మరో క్లబ్బు ప్రాబల్యం పెరిగింది. యూనియన్ క్రమంగా వెనుకబడింది. అయినా దాని ప్రతిభ ఒక్కసారిగా అంతరించలేదు. 1958–60 మధ్య జరిగిన ఐరోపా నగరాల ఫెయిర్స్ కప్పు పోటీలో ఇటలీకి చెందిన రోమా జట్టును ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ ఇంగ్లండుకు చెందిన బర్మింగ్‌హామ్ సిటీ చేతిలో పరాజయం పొందింది. ఆరిపోయే ముందు దీపం వెలిగినట్లుగా, తొలి వైభవ దశలో అదే చివరి వెలుగు.

ఐరోపా దేశాల ఫుట్‌బాల్ విధానాన్ని ఇక్కడ కొంత తెలుసుకోవాలి. అక్కడి లీగ్ పోటీలు మెట్ల వంటి శ్రేణులుగా ఉంటాయి. ఏటా పట్టికలో అట్టడుగున మిగిలిన జట్లు కింది శ్రేణికి దిగిపోతాయి. కింది శ్రేణిలో రాణించిన జట్లు పైకి వస్తాయి. ఎంతటి ఘనచరిత్ర ఉన్నా ఈ నియమం నుంచి మినహాయింపు ఉండదు. యూనియన్ 1963లో మొదటి శ్రేణి నుంచి దిగజారింది. పడుతూ లేస్తూ పదేళ్లు పోరాడి, 1973లో మళ్లీ కిందికి వెళ్లింది. ఈసారి తిరిగి రావడానికి 48 ఏళ్లు పట్టింది. ఒక దశలో అది నాలుగవ శ్రేణి వరకు పడిపోయింది. ఒకనాడు పెద్ద నగరాల జట్లను ఎదుర్కొన్న క్లబ్బు పల్లెపట్టు జట్లతో తలపడవలసి వచ్చింది.

బెల్జియంలో ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒక నమోదు సంఖ్య ఉంటుంది. జాతీయ సమాఖ్య 1926లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. సమాఖ్యలో చేరిన క్రమాన్ని బట్టి పాత క్లబ్బులకు చిన్న సంఖ్యలు లభించాయి. వంశానికి గోత్రం ఎటువంటిదో అక్కడి క్లబ్బుకు ఈ సంఖ్య అటువంటిది. రెండు క్లబ్బులు విలీనమైతే ఒక సంఖ్య మాత్రమే నిలుస్తుంది; రెండవది శాశ్వతంగా చెరిగిపోతుంది. యూనియన్ సంఖ్య 10. డేరింగ్ సంఖ్య 2.

ఈ రెండు క్లబ్బుల తరువాతి చరిత్ర ఆలోచింపజేసేది. ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచిన డేరింగ్, కష్టకాలంలో మరో క్లబ్బుతో విలీనమైంది. అది 1973లో, అంటే యూనియన్ మొదటి శ్రేణిని వీడిన సంవత్సరంలోనే జరిగింది. విలీనంతో ఏర్పడిన కొత్త క్లబ్బు రెండేళ్లు తిరగకుండానే, 1975లో జాతీయ విజేత అయింది. ఆనాడు చూసినవారికి డేరింగ్ నిర్ణయమే వివేకమని తోచి ఉండాలి. అయితే ఆ కొత్త క్లబ్బు ఆర్థికంగా కుంగి 2002లో మూతపడింది. డేరింగ్ సంఖ్య మాత్రం విలీనంతోనే చెరిగిపోయింది. యూనియన్ మూడవ, నాలుగవ శ్రేణుల్లో మగ్గుతున్నా తన పేరును, తన వర్ణాలను, తన సంఖ్యను వదులుకోలేదు.

ఆ దీర్ఘకాలంలో క్లబ్బును కాపాడిందెవరు? పతకాలు లేవు, పత్రికల్లో పెద్ద అక్షరాలు లేవు, ప్రేక్షకులు వేల నుంచి వందలకు తగ్గారు. ఆ మిగిలిన కొద్దిమందే వారం వారం డూడెన్ పార్కు వాలు ఎక్కి మైదానానికి వచ్చారు. తండ్రులు తమ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చారు. 60 ఆటల పరంపరను కళ్లారా చూసినవారు గతించారు. చూడనివారు ఆ కథను తమ తరువాతివారికి చెప్పారు. గెలిచే జట్టును అభిమానించడానికి ప్రత్యేక కారణం అవసరం లేదు. ఓడే జట్టును విడువకుండా ఉండటానికి మాత్రం మనసులో బలమైన కారణం ఉండాలి. వారికి ఆ కారణం తమ వాడ, తమ మైదానం, తమ పెద్దల జ్ఞాపకం.

2015లో యూనియన్ రెండవ శ్రేణికి చేరింది. 2018లో ఇంగ్లండుకు చెందిన టోనీ బ్లూమ్ క్లబ్బులో అధిక భాగాన్ని కొనుగోలు చేశారు. ఇంగ్లండులోని బ్రైటన్ క్లబ్బు కూడా ఆయనదే. ఆయన సహచరుడు అలెక్స్ మ్యూజియో అధ్యక్షుడయ్యారు. పేరు మోసిన ఆటగాళ్లకు పెద్ద మొత్తాలు చెల్లించే శక్తి యూనియన్‌కు లేదు. అందువల్ల ఆట గణాంకాలను నిశితంగా విశ్లేషించి, ఇతరుల దృష్టి పడని చోట్ల దాగి ఉన్న ప్రతిభను వెతికారు. జర్మనీ మూడవ శ్రేణిలో ఆడుతున్న డెనిజ్ ఉందావ్‌ను 2020లో తెచ్చుకొన్నారు. అతడు 2021–22లో బెల్జియం మొదటి శ్రేణిలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. తరువాత జర్మనీ జాతీయ జట్టులో స్థానం సంపాదించాడు.

2021లో రెండవ శ్రేణి విజేతగా యూనియన్ తిరిగి మొదటి శ్రేణిలో అడుగుపెట్టింది. వచ్చిన తొలి ఏడాదే ద్వితీయ స్థానం పొంది అందరినీ ఆశ్చర్యపరచింది. 2023లో చివరి రోజు ఆటలో ఆధిక్యంలో ఉండి, చివరి నిమిషాల్లో మూడు గోల్స్ సమర్పించుకొని విజేత స్థానాన్ని జారవిడుచుకొంది. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్లయింది. 2024లో ఆంట్‌వెర్ప్ జట్టును 1–0 తేడాతో ఓడించి బెల్జియం కప్పును గెలుచుకొంది. 1914 తర్వాత, అంటే 110 ఏళ్లకు లభించిన కప్పు అది.

చివరకు 2025 మే 25వ తేదీన, తన పాత మైదానంలోనే గెంట్ జట్టును 3–1 తేడాతో ఓడించి యూనియన్ జాతీయ లీగ్ విజేత అయింది. పన్నెండవ విజయం కోసం 1935లో మొదలైన నిరీక్షణ తొంభై ఏళ్లకు ఫలించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐరోపా ఖండపు అత్యున్నత పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో తొలిసారి ఆడి, నెదర్లాండ్స్‌కు చెందిన పిఎస్‌వి జట్టును దాని సొంత మైదానంలోనే ఓడించింది.

ఈ విజయానికి వెంట ఒక చిక్కు కూడా వచ్చింది. జోసెఫ్ మారియెన్ మైదానం చిన్నది. అందులో సుమారు 9,400 మందికే చోటు ఉంది. ఐరోపా పోటీల నిబంధనలకు అది సరిపోదు. దాని ముఖభాగం వారసత్వ కట్టడంగా రక్షణ పొందింది కనుక ఇష్టానుసారం మార్చడానికి వీలులేదు. అందుచేత యూనియన్ తన చాంపియన్స్ లీగ్ ఆటలను చిరకాల ప్రత్యర్థి అయిన ఆండర్‌లెక్ట్ మైదానంలో ఆడవలసి వచ్చింది. కొత్త మైదానం నిర్మిస్తే ఆదాయం పెరుగుతుంది. పెద్ద పోటీలు ఇంటివద్దనే జరుగుతాయి. కానీ కష్టకాలంలో క్లబ్బును కట్టిపడేసిన చెట్లు, మెట్లు, శిల్పాల గోడ వెనుక మిగిలిపోతాయి. గెలుపు కోసం దేన్ని మార్చుకోవచ్చు, దేన్ని మార్చుకోకూడదు అన్న ప్రశ్న ఆ క్లబ్బు ముందు ఉంది.

విశ్లేషణ, ధనం, శిక్షణ లేకుండా 2025 నాటి విజయం సాధ్యమయ్యేది కాదు. అయితే అవి వచ్చేనాటికి నిలబెట్టుకోవడానికి ఒక క్లబ్బు మిగిలి ఉండాలి కదా! దాన్ని మిగిల్చినవారు జయాపజయాలతో నిమిత్తం లేకుండా నాలుగవ శ్రేణి ఆటకు కూడా వచ్చి కూర్చున్న సామాన్యులు. రికార్డుల పట్టికలో వారి పేర్లు ఉండవు. పన్నెండవ విజయంలో మాత్రం వారి వాటా ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

ఉత్థానం : పైకి లేవడం, అభివృద్ధి
స్పర్ధ : పోటీ
ఇతివృత్తం : కథావస్తువు
ప్రాబల్యం : అధిక బలం, ఆధిక్యం
నిదర్శనం : ఉదాహరణ, రుజువు
విలీనం : ఒకదానిలో ఒకటి కలిసిపోవడం
నిశితంగా : సూక్ష్మంగా, తీక్షణంగా

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యూనియన్ క్లబ్బు ఉత్థాన పతనాలను వివరించండి.
2. యూనియన్, డేరింగ్ క్లబ్బుల చరిత్రలను పోల్చి, మీరు గ్రహించిన అంశాలను తెలపండి.

ఆ. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. వంశానికి గోత్రం ఎటువంటిదో అక్కడి క్లబ్బుకు ఈ సంఖ్య అటువంటిది.
2. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్లయింది.

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. యూనియన్ 60 ఆటల పరంపరకు తెరదించిన క్లబ్బు ఏది?
2. బెల్జియంలో క్లబ్బుల నమోదు సంఖ్యల పద్ధతి ఏ సంవత్సరంలో వచ్చింది?
3. యూనియన్ చాంపియన్స్ లీగ్ ఆటలను తన సొంత మైదానంలో ఎందుకు ఆడలేకపోయింది?

ఈ. కింది పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.
లోకోక్తి, అత్యున్నత, జయాపజయాలు