పిండినీళ్లు, అరువు అటుకులు

మొన్నటి వీడియోలో కుచేలుడి కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక వదిలేసిన ముక్క ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను. డబ్బుకి కటకటలాడిన ఇంట్లో పెరిగినవాళ్లు దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి.

కుచేలుడి ఇంటి పక్కన మహాభారతంలోని ఇంకో ఇల్లు పెట్టి చూడాలి. ద్రోణుడి ఇల్లు. ఆ సంగతి ఆదిపర్వంలో ఆయనే భీష్ముడికి చెప్పుకుంటాడు. కలిగినవాళ్ల పిల్లలు పాలు తాగుతుంటే చూసి చిన్నారి అశ్వత్థామ పాలకోసం ఏడ్చాడు. ధర్మంగా ఒక్క ఆవు దొరుకుతుందేమోనని ద్రోణుడు ఊళ్లు తిరిగాడు. దొరకలేదు. ఇక్కడ చూస్తే, తోటి పిల్లలు నీళ్లలో పిండి కలిపి పాలని ఇచ్చారు. వాడు అది తాగి, తనూ పాలు తాగానని గంతులేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తండ్రి ఆ నవ్వు విన్నాడు.

ఆ తర్వాతే భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని, చిన్నప్పుడు కలిసి చదువుకున్న ద్రుపదుడి దగ్గరికి వెళ్లాడు. రాజుకీ పేదవాడికీ స్నేహమేంటని ద్రుపదుడు తీసిపారేశాడు. మిగతాది మీకు తెలుసు. శిష్యుల చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించడం, సగం రాజ్యం తీసుకోవడం, ఆ కక్షతో ద్రుపదుడు యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి పొందడం, చివరికి సౌప్తిక పర్వంలో ఆ అర్ధరాత్రి అశ్వత్థామ చేసిన పని. పేదరికమే దీనంతటికీ కారణమని నేననను. కానీ ఆ అవమానాన్ని తండ్రి దాచుకున్నాడు, పెంచుకున్నాడు, కొడుకు దాని నీడలోనే పెరిగాడు.

ఇప్పుడు కుచేలుడి ఇల్లు. (చిన్న మాట: సంస్కృత భాగవతంలో ఈయనకి సుదాముడనే పేరు ఉండదు, ఎవరో ఒక బ్రాహ్మణుడంటారు అంతే. కుచేలుడంటే చిరిగిన బట్టలవాడు. అంటే చినుగునే ఆయనకి పేరుగా పెట్టేశాం!) ఆయన కూడా గురుకులంలో తనతో చదివిన స్నేహితుడి దగ్గరికే వెళ్లాడు. అది కూడా భార్య పదే పదే చెప్తే. ఆకలితో అన్నం అడిగే పిల్లలు పోతనగారి తెలుగులో కనిపిస్తారు. ఆకలి గొప్పదనీ, ఓర్చుకుంటే పుణ్యమనీ ఆ ఇల్లాలు అనుకోలేదు. ఇల్లు గడవడం లేదని మొహమాటం లేకుండా చెప్పింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైంది ఆవిడే.

మా నాన్న బట్టల కొట్లో గుమస్తా. రెండు గదుల అద్దె పోర్షన్లో ఐదుగురం. ఒకటో తారీకు జీతం రాగానే నాన్న కిరాణా కొట్టుకి నన్ను తీసుకెళ్లి, ఖాతా పుస్తకం నా చేత పైకి చదివించేవాడు. కందిపప్పు ఇంత, నూనె ఇంత, పాత బాకీ ఇంత. కొట్లో జనం ఉన్నా సరే. నాకు చెవులు ఎర్రబడేవి, ఆయనకి మాత్రం ఏమీ అనిపించేది కాదు. స్కూల్లో ఎక్స్‌కర్షన్ అంటే "ఈ నెల కుదరదు నాన్నా" అనేవాడు. కోపం లేకుండా, ఎవర్నీ తిట్టకుండా. కలిగినవాళ్ల గురించి మా ఇంట్లో వెటకారం వినిపించేది కాదు. మా ఇంట్లో డబ్బు తక్కువని మాకు తెలుసు. అది ఎంత తక్కువో కూడా తెలుసు, అందుకే భయం ఉండేది కాదు. ఎంతో తెలియని పిల్లలకే రాత్రిళ్లు నిద్ర పట్టదని నా నమ్మకం.

అటుకుల దగ్గరికి వద్దాం. ఆ అటుకులు కుచేలుడి ఇంట్లోవి కావు. స్నేహితుడి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదని ఆ ఇల్లాలు పక్క ఇళ్లలో నాలుగు గుప్పిళ్లు అడిగి తెచ్చి, గుడ్డపేలికలో మూటకట్టింది. ద్వారక వైభవం చూశాక కుచేలుడికి ఆ మూట ఇవ్వడానికి సిగ్గేసింది. కృష్ణుడే లాక్కుని ఒక గుప్పెడు తిన్నాడు, రెండోదానికి రుక్మిణి చెయ్యి పట్టుకుంది. అంటే స్వామి తిన్నది ఇరుగుపొరుగు పెట్టిన అటుకులు. వాళ్ల పేర్లు భాగవతంలో లేవు.

నా ఇంటర్ పరీక్ష ఫీజు కట్టింది పక్క పోర్షన్ పిన్నిగారని ఉద్యోగం వచ్చాక గానీ నాకు తెలియలేదు. అమ్మ చెప్తే తెలిసింది. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా నా ముందు ఆ మాట ఎత్తలేదు. మీలో చాలామందికి ఇప్పుడు జీతాలొస్తున్నాయి, ఈఎంఐలు మీ పేరు మీదే ఉన్నాయి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి: అప్పట్లో ఎవరెవరు ఆదుకున్నారు, ఎవరికైనా ఇంకా ఇవ్వాల్సింది ఉందా అని. అమ్మానాన్నలు మొదట మాట దాటేస్తారు. రెండోసారి అడగండి.

ఈ వారం పారాయణకి దశమ స్కంధంలో 80, 81 అధ్యాయాలు. వీలైతే ఆదిపర్వంలో ద్రోణుడు భీష్ముడితో మాట్లాడే భాగం కూడా. 81లో కుచేలుడు ఏమీ అడక్కుండా, చేతిలో ఏమీ లేకుండా ఇంటికి నడుస్తూ మనసులో ఏమనుకున్నాడో ఆగి చదవండి. కృష్ణుడి మీద ఒక్క నిష్ఠూరం కూడా ఉండదు. ఇంటికి చేరేదాకా ఆయనకి ఆ మేడల సంగతి తెలియదు. సాందీపని గారి ఆశ్రమంలో కట్టెల కోసం వెళ్లి, వానలో చిక్కుకున్న ఆ రాత్రి గురించి వచ్చే వీడియోలో చెప్పుకుందాం.