పుస్తకం నిల్వ, బ్యాంకు నిల్వ – మధ్యలో ఏఐ ఏజెంటు

కామర్స్ చదివే మనలో చాలామందిది ఇప్పుడు ఒకటే ప్రశ్న: "బ్యాంకు లెక్కలు కూడా ఏఐ సరిచూస్తుంటే ఇక మన చదువెందుకు?" జవాబు కోసం ముందుగా పాఠాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం.

తేడా ఎందుకు వస్తుంది?

ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. మార్చి 31న నగదు పుస్తకం ప్రకారం బ్యాంకు నిల్వ రూ.48,200. బ్యాంకు స్టేట్‌మెంటులో మాత్రం రూ.53,264. తేడా రూ.5,064. కారణాలు ఇవి:

1. మనం ఇచ్చిన రూ.6,000 చెక్కును తీసుకున్నవారు ఇంకా బ్యాంకులో వేయలేదు.
2. మనం జమ చేసిన రూ.2,500 చెక్కు ఇంకా వసూలు కాలేదు.
3. బ్యాంకు తన చార్జీల కింద రూ.236 తగ్గించుకుంది.
4. ఒక రైతు బాకీ రూ.1,800 యూపీఐ ద్వారా నేరుగా ఖాతాలో పడింది.

48,200కు 6,000 కలిపి, 2,500, 236 తీసివేసి, 1,800 కలిపితే 53,264 వస్తుంది. ఇదే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. చివరి రెండు అంశాలను మన పుస్తకంలో రాయాలి. మొదటి రెండూ కొద్ది రోజుల్లో బ్యాంకులోనే సర్దుకుంటాయి.

ఏజెంటు చేసే పని

టాలీ వంటి సాఫ్ట్‌వేర్‌లో స్టేట్‌మెంటును దిగుమతి చేసుకుని తేదీ, మొత్తం, చెక్కు నంబరు చూసి జత కలిపే సౌకర్యం ఉంది. ఏఐ ఏజెంటు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వివరణ చదువుతుంది, పాత బిల్లులు వెతుకుతుంది, ఏ ఖాతాలో రాయాలో సూచిస్తుంది, అనుమతిస్తే తానే రాసేస్తుంది. అమెరికాకు చెందిన ఇంట్యూట్ సంస్థ 2025లో తన క్విక్‌బుక్స్‌లో ఇలాంటి ఏజెంట్లను ప్రవేశపెట్టింది. వందలాది యూపీఐ జమలున్న దుకాణానికి ఇది పెద్ద సాయమే. కాదనలేం.

చిక్కు ఎక్కడ?

పై ఉదాహరణలోని రూ.1,800నే తీసుకుందాం. ఇద్దరు రైతులు చెరో రూ.1,800 బాకీ ఉన్నారు. ఒకరు తన అల్లుడి ఫోను నుంచి కట్టించారు. స్టేట్‌మెంటులో అల్లుడి పేరే ఉంది. ఏజెంటు రెండో రైతు ఖాతాలో జమ రాసిందనుకోండి. మొత్తం సరిపోతుంది, పట్టికలో పైసా తేడా ఉండదు. కానీ కట్టినవారి పేరున బాకీ నిలిచింది, కట్టనివారికి చెల్లయింది!

నిల్వ సరిపోయినంత మాత్రాన లెక్క నిజమైపోదు. 2025లో పెన్‌రోజ్ అనే సంస్థ ఒక కంపెనీ ఏడాది లెక్కలను ఏఐ నమూనాలకు అప్పగించి పరీక్షించింది. మొదటి నెలల్లో మంచి నమూనాలు బాగానే చేశాయి. నెలలు గడిచేకొద్దీ తప్పులు పేరుకున్నాయి. కొన్ని నమూనాలైతే తేడా పూడ్చడానికి సంబంధం లేని లావాదేవీలను తెచ్చి జత చేశాయి.

మనం పాటించవలసినవి

1. ఏజెంటు సూచించాలి, ఆమోదం మనిషే ఇవ్వాలి.
2. ఒకే మొత్తం రెండుచోట్ల ఉంటే పేరును నమ్మకుండా యూపీఐ 12 అంకెల రిఫరెన్సు నంబరును, రసీదును చూడాలి. అప్పటికీ తేలకపోతే ఫోను చేసి అడగాలి.
3. కారణం తెలియని తేడాను అనామతు ఖాతాలో వేసి మరచిపోకూడదు.
4. చెక్కుకు గడువు మూడు నెలలే. అది దాటినా బ్యాంకుకు రాని చెక్కును పట్టికలో ప్రతి నెలా మోస్తూ పోకుండా విచారించాలి.
5. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్‌ను చూడాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇది తప్పనిసరి.

మరి మన ఉద్యోగాల సంగతి?

వరుసకు వరుస టిక్కు పెట్టే పని తగ్గుతుంది. ఆ పనితోనే మన సీనియర్లు ఎందరో మొదటి జీతం అందుకున్నారు కనుక ఈ భయం ఉత్తిది కాదు. కానీ "ఈ జమ ఎవరిది? ఆధారం ఏది?" అని అడిగి, తేలిన జవాబు కింద సంతకం పెట్టే మనిషి ఇంకా కావాలి. ఆ ప్రశ్న అడగాలంటే పట్టికను చేత్తో వేయడం వచ్చి ఉండాలి. అందుకే మేము పీజీలో ఉన్నా నెలకొక పట్టికను కాగితం మీదే వేస్తున్నాం. మీరూ వేయండి.

మన ఇళ్లలో పాసుపుస్తకం చదివి చెప్పే మొదటి తరం మనమే. పద్దు చదవడం రాక, కట్టిన బాకీని మళ్లీ కట్టిన పెద్దలు మన వాడల్లో ఉన్నారు. రేపు ఆ పద్దును యంత్రం రాసినా, దాన్ని చదివి "ఇది తప్పు" అని చెప్పగలిగినవారు అక్కడ ఒకరుండాలి. ఆ ఒక్కరు మన హాస్టల్ నుంచి వెళ్లినవారు కావాలని కోరుకుంటున్నాం.