మనాలీ నుంచి లేహ్‌కు సైకిల్ మీద: బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

మనాలీ–లేహ్ దారి అటల్ సొరంగం గుండా అయితే దాదాపు 430 కిలోమీటర్లు. పాత రోహ్‌తాంగ్ దారిలో ఇంకో 46 కలుస్తాయి. మైదానంలో నాలుగైదు రోజుల్లో తొక్కేసే దూరమే ఇది. అక్కడ మాత్రం పది, పన్నెండు రోజులు పెట్టుకోవాలి. కారణం ఎత్తు. అది తెలిస్తే మిగతా ఏర్పాట్లన్నీ వాటంతటవే కుదురుతాయి.

1. ముందుగా ఒక కాగితం తీసుకుని, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారో, ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లన్నది తర్వాతి సంగతి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పైకి వెళ్లకుండా ఆగాలని వైద్యులు చెబుతారు. పగలు అంతకన్నా పైకెక్కినా పర్వాలేదు, రాత్రికి కిందికి దిగితే చాలు.

ఈ లెక్కకు దగ్గరగా (జిస్పా–పట్సియో మధ్య మాత్రం కాస్త దాటుతుంది) నేను రాసుకునే వరుస ఇది: మనాలీలో (2,050 మీటర్లు) రెండు రాత్రులు, కేలాంగ్ (3,080), జిస్పాలో (3,200) రెండు రాత్రులు, పట్సియో (3,800), జింగ్‌జింగ్‌బార్ (4,200 పైన), బారాలాచా లా (లా అంటే కనుమ) దాటి సర్చు (4,290), ఆ తర్వాత దారిలో ఒక రాత్రి డేరాలో, పాంగ్ (4,600), తాంగ్‌లాంగ్ లా దాటి రుమ్‌త్సే (4,200 దగ్గర), చివరికి లేహ్ (3,500). చాలామంది జిస్పా నుంచి ఒక్క రోజులో సర్చు చేరాలనుకుంటారు. అంటే పడుకునే ఎత్తు ఒక్కసారిగా 1,000 మీటర్ల పైన పెరుగుతుంది. తలనొప్పులు, వాంతులు ఎక్కువగా ఆ రాత్రే మొదలవుతాయి. పట్సియోలో ఆగితే దూరం కొంచెమే తొక్కినట్టు అనిపిస్తుంది, అయినా ఆగండి.

2. సర్చు–పాంగ్ మధ్య 75 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అందులో గాటా లూప్స్ అనే 21 మలుపులు, నకీ లా (4,740), లాచులుంగ్ లా (5,060) వస్తాయి. దీన్ని ఒక్క రోజులో ముగించాలని పట్టుబట్టకండి. సర్చు నుంచి 25 కిలోమీటర్లు తొక్కి, లూప్స్ కింద సారప్ నది పక్కన డేరా వేసుకోండి. ఆ చోటు సర్చు కన్నా కాస్త దిగువనే ఉంటుంది కాబట్టి నిద్ర బాగా పడుతుంది. తెల్లారగట్ల మలుపులు మొదలుపెడితే రెండు కనుమలూ వెలుగుండగానే దాటొచ్చు. ఈ ఒక్క రాత్రి కోసమైనా సొంత డేరా ఉండాలి. మిగతా చోట్ల పారాచూట్ గుడ్డతో కట్టిన ధాబాల్లో పరుపులు దొరుకుతాయి.

3. కొండ మీదికి తొక్కడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. అనంతగిరి ఘాట్, లంబసింగి, మారేడుమిల్లి, హార్స్‌లీ హిల్స్ రోడ్లు కాళ్లను బాగా తయారుచేస్తాయి. సామాను కట్టుకునే ఎక్కండి, ఖాళీ సైకిల్‌తో ఎక్కితే అసలు బరువు తెలియదు. అయితే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత పైకెళ్లినా 1,700 మీటర్లు దాటం. తాంగ్‌లాంగ్ లా 5,328 మీటర్లు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. కాళ్లకు శిక్షణ ఇక్కడ దొరుకుతుంది, ఎత్తుకు అలవాటు పడటం మాత్రం అక్కడ గడిపే రోజులతోనే. బాగా ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లకే ఈ మాట ముందుగా చెప్పాలి, ఓపిక ఉంది కదా అని వేగంగా ఎక్కేసేది వాళ్లే.

4. మందుల సంచి గురించి డాక్టరుతో మాట్లాడకుండా బయల్దేరవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ అందరికీ పడదు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పికి తోడు వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తిన్నగా నడవలేక తూలుతున్నా, మాట తడబడుతున్నా అర్ధరాత్రయినా సరే వెంటనే కిందికి దించాలి. లారీ ఆపి అడగండి, సైకిల్ తర్వాత చూసుకోవచ్చు. ఒంటరిగా వెళ్లవద్దనడానికి నాకున్న కారణం ఇదే: తూలుతున్న మనిషికి తాను తూలుతున్నట్టు తెలియదు.

5. వంట. 4,500 మీటర్ల దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మరిగినా కందిపప్పు ఉడకదు, అన్నం పలుకు విడవదు. చిన్న కుక్కర్ మోయలేకపోతే, ఉడికించనక్కర్లేని తిండి ఇంట్లోనే తయారుచేసుకోండి.

రవ్వను నూనెలో ఎర్రగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు కలిపి, కరివేపాకు గలగలలాడేదాకా ఆరనిచ్చి, ఒక పూటకు ఒక పొట్లం చొప్పున కట్టండి. మరిగే నీళ్లు పోసి మూతపెడితే పది నిమిషాల్లో ఉప్మా. అటుకులైతే గోరువెచ్చటి నీళ్లు చాలు. చింతపండు పులిహోర గుజ్జు బాగా నూనె తేలేదాకా ఉడికించి తీసుకెళ్తే వాటిలో కలుపుకోవచ్చు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. అలాంటప్పుడు తీపి బిస్కెట్ల కన్నా పులుపే నోటికి ఎక్కుతుంది, ఆవకాయకు చోటు వదలండి. సీసా వద్దు, గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మేలు. పల్లీ చిక్కీ, ఖర్జూరం హ్యాండిల్ దగ్గరి సంచిలో, చేతికందేలా ఉంచుకోవాలి.

స్టవ్ గ్యాస్ డబ్బాలు రైల్లోగానీ విమానంలోగానీ తీసుకెళ్లకూడదు. మనాలీలో కొనుక్కోండి.

6. నీళ్లు ఎప్పుడు దాటాలో కూడా ప్రణాళికలో ఉండాలి. ఎండకు మంచు కరిగి, రోడ్డుకు అడ్డంగా పారే నాలాలు మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. పొద్దున పాదం తడిసే నాలా సాయంత్రానికి మోకాలి దాకా రావచ్చు. బారాలాచా చుట్టుపక్కల నాలాలను ఉదయమే దాటేయాలి. దాటేటప్పుడు బూట్లు విప్పి రబ్బరు చెప్పులు బిగించుకోండి, వట్టి కాళ్లతో దిగితే అడుగున రాళ్లు కోస్తాయి. తాగే నీళ్లకు ఫిల్టర్ గానీ క్లోరిన్ మాత్రలు గానీ తప్పనిసరి, ఎగువన గొర్రెల మందలు మేస్తుంటాయి. పాంగ్ తర్వాత మోరే మైదానం దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడికి సీసాలన్నీ నింపుకునే బయల్దేరాలి.

7. సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు. ముందు చిన్న చక్రం పళ్లు 22 నుంచి 26, వెనక పెద్దది 34 లేదా 36 ఉంటే సామానుతో ఎక్కొచ్చు. టైరు వెడల్పు కనీసం 1.75 అంగుళాలు ఉండాలి. మనాలీ దాటాక లేహ్ దాకా సైకిల్ సామాను దుకాణం ఉంటుందని నమ్ముకోవద్దు. ట్యూబులు రెండు, పంక్చర్ సామాను, పంపు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ లింకు, చైన్ విప్పే పనిముట్టు, మీ చక్రానికి సరిపోయే స్పోకులు, వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వెంట ఉండాలి. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది, ఊళ్లోనే కొనండి.

8. సైకిల్‌ను రైల్లో పార్శిల్‌గా బుక్ చేయొచ్చు. ముందు రోజే స్టేషన్ పార్శిల్ ఆఫీసుకు వెళ్లండి. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, బలవంతం చేస్తే మర పోతుంది.

9. బట్టలు తక్కువే చాలు. రెండు మాత్రం బాగుండాలి: మైనస్ 5 డిగ్రీలకైనా ఆగే స్లీపింగ్ బ్యాగ్, గాలి చొరబడని గ్లవుజులు. కనుమ దిగేటప్పుడు వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు నొక్కలేరు.

10. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదున్నా జిస్పా తర్వాత వచ్చే దర్చా దాటాక కొన్ని రోజుల పాటు సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి, రాత్రి మజిలీల కాగితం నకలు ఇచ్చి వెళ్లండి. ఫలానా తేదీ దాకా ఫోను రాకపోతే కంగారుపడొద్దని, ఆ తేదీ దాటితే ఎవరిని అడగాలో రాసి పెట్టండి. నగదు కేలాంగ్‌లోనే తీసుకోండి.

11. సైకిల్ మీద వెళ్లడానికి అనువైన కాలం సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా. జులై, ఆగస్టుల్లో మనాలీ వైపు వానలకు కొండచరియలు విరిగిపడతాయి. ఆగస్టు చివరి వారం దాటాక బయల్దేరడం మేలని నా నమ్మకం. ఎప్పుడు వెళ్లినా మూడు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి, తిరుగు టికెట్‌ను ఆ మూడు రోజులూ కలుపుకునే తీసుకోండి. టికెట్ తేదీ దగ్గరపడితే పట్సియోలో ఆగాల్సిన రాత్రి సర్చుకు పరుగెడతారు.