తరగతిలో కలహము, ఉపాధ్యాయుని మౌనము

(ఆదివారపు బడి ఉపాధ్యాయులకు పాఠము. చదువవలసిన భాగము: అపొ. కార్యములు 6:1–7)



పిల్లలను గుంపుగా కూర్చుండబెట్టి ఒక పని అప్పగించినయెడల కొంతసేపటికే కలహము పుట్టును. వెంటనే మనము గద్దించి నిమ్మళపరతుము. ఇది సరియేనా? ఆర్మూరులో మా ఆదివారపు బడిలో చూచినదానిని మీ యెదుట నుంచుచున్నాము.

1965లో అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడగు బ్రూస్ టక్‌మన్ చిన్న గుంపులను గూర్చిన దాదాపు 50 వ్యాసములను పరిశీలించి, గుంపు నాలుగు దశలలో ఎదుగునని వ్రాసెను: కూడుకొనుట, కలహించుట, కట్టుబాటు చేసికొనుట, కలిసి పనిచేయుట. 1977లో మేరీ ఆన్ జెన్‌సెన్‌తో కూడి, విడిపోవుట అను అయిదవ దశను చేర్చెను. ప్రతి గుంపును ఈ వరుసనే తప్పక నడుచునని కాదు. అయినను కనిపెట్టి చూచువారికి ఇవి మంచి గురుతులు.

మేము అయిదుగురు పిల్లలకు పౌలు మొదటి ప్రయాణపు పటమును, ఊళ్ల పేరులు వ్రాసిన 10 చీటీలను ఇచ్చితిమి. ఒక్కొక్కరికి రెండు చీటీలు. వాటిని పటముమీద సరియైన చోట నుంచవలెను. మేము వాకిటియొద్ద కూర్చుండి, ఎవరు పలుకుచున్నారో, ఎవరిని ఎవరును అడుగుటలేదో కాగితముమీద గురుతు పెట్టుచుంటిమి.

మొదట అందరును మర్యాదగా నుండిరి. మా ముఖము చూచుచు, “సార్, ఇది ఎక్కడ పెట్టాలె?” అని అడిగిరి. పిమ్మట కలహము వచ్చెను. అంతియొకయ అను పేరు రెండు చీటీలమీద కనబడగా, పెద్ద పిల్లవాడొకడు, “నీది తప్పు రాసిండ్రు, పక్కకు పెట్టు” అని ఒక బాలిక చీటీని తీసివేసెను. ఆమె తల్లి పసుపు కళ్లములలో కూలికి పోవును. ఆ దినములలో ఈ పిల్ల తమ్ముని చూచుకొనుచు ఇంటనే యుండును. బడికి రాలేని వారములు అనేకము. ఆమె మారుపలుకలేదు. తక్కినవారు కేకలు వేసికొనిరి.

మేము లేవబోతిమి. గత సంవత్సరము ఇట్టి సమయముననే గుంపును చెదరగొట్టి, జవాబు మేమే చెప్పితిమి. ఆ దినమున పిల్లలు నేర్చుకొనినది మాకు భయపడుట మాత్రమే. కనుక ఈసారి ఓర్చుకొంటిమి.

కొంతసేపటికి చిన్నవాడొకడు ఆమెవైపు తిరిగి, “నువ్వు చెప్పు” అనెను. ఆమె మెల్లగా, “అంతియొకయలు రెండున్నయి. ఒకటి సిరియాల, ఒకటి పిసిదియల” అనెను. ఇంటనే 13వ అధ్యాయము చదివియుండెను! అప్పుడు వారే, ఎవరి చీటీని వారే మొదట చదువవలెనని కట్టుబాటు చేసికొనిరి. అటుపిమ్మట పని చురుకుగా సాగెను. ముగిసిన తరువాతను ఎవరును వెంటనే లేవలేదు. ఆ పటమును ఆమె చేతికే ఇచ్చి పంపిరి.

యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో విడువబడినప్పుడు సణుగు పుట్టెను. అపొస్తలులు దానిని అణచివేయలేదు. శిష్యులందరిని పిలిచి, ఏడుగురిని మీరే ఏర్పరచుకొనుడనిరి. ఏర్పడిన ఏడుగురివి గ్రీకు పేరులే. పిమ్మట శిష్యుల సంఖ్య విస్తరించెను.

మన పసుపు కొమ్ములు ఉడికి, ఎండి, డ్రమ్ములో ఒకదానితో నొకటి రాచుకొనినప్పుడే పైపొర రాలి మెరుగెక్కును. అయితే బలవంతుడు బలహీనుని అవమానపరచుచుండగా ఊరక చూచుట ఓర్పు కాదు. చెయ్యి లేచినను, కులమెత్తి పలికినను, ఉపాధ్యాయుడు వెంటనే అడ్డుపడవలెను. ఆ బాలిక చీటీ తీసివేయబడినప్పుడు మేము సరిగా అంత అంచుమీద నుంటిమి. ఆ చిన్నవాడు అడుగకపోయిన యెడల, “ఆమె చీటీలో ఏమున్నది?” అని మేమే అడుగవలసియుండెను. జవాబు చెప్పుట వేరు, నోరులేనివారికి చోటిచ్చుట వేరు.

ఆలోచించుడి:
1. మన తరగతిలో ఎవరినెవరును అడుగుటలేదు?
2. కలహమును అణచుటలో మనము కోరునది పిల్లల మేలా, మన నెమ్మదియా?
3. మన సంఘపు కూటములలో ఎవరి చీటీ ప్రక్కకు పెట్టబడినది?