భయపడే కుక్కపిల్లకు శుభ్రత నేర్పడం ఎలా?



గత వేసవిలో మా నర్సుల క్వార్టర్స్‌కు ఒక కుక్కపిల్ల వచ్చింది. వయసు సుమారు 4 నెలలు. ముందు పెంచినవారు ఊరు మారుతూ వదిలేశారు. వరండాలో, మంచం కింద, వంటింటి గడప దగ్గర, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోసేది. మేమూ అందరిలాగే కేకలు వేశాము. దాని మూతిని తడిలో రుద్దినవారు కూడా మాలో ఉన్నారు. ఫలితం లేదు. మనిషి అలికిడికే బల్ల కిందకు దూరి అక్కడే తడిపేది. ఇక ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాము.

అప్పుడు మా ఆయమ్మ ఒక మాట చెప్పింది: "సిస్టరమ్మా, నేను చీపురు ఎత్తినప్పుడల్లా పోసేస్తోంది, చూడండి. దీన్ని చీపురుతో కొట్టుంటారు."

మాకు సిగ్గేసింది. పిల్లల వార్డులో పక్క తడిపిన బిడ్డను మేము తిట్టము. దుప్పటి మార్చి, పడుకోబెట్టే ముందు ఒకసారి తీసుకెళ్ళమని తల్లికి చెబుతాము. ఈ మూగజీవి విషయంలో అది మరిచిపోయాము.

కారణం తెలుసుకోండి

చోటు తెలియక పోసేది ఒక రకం. భయంతో పోసేది మరొక రకం. మనం దగ్గరకు వెళ్ళగానే చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, నేలకు అణగి తడిపితే అది భయం. అది దాని చేతిలో లేదు. మాటిమాటికి కొంచెం కొంచెం పోస్తున్నా, రక్తం కనిపించినా అది జబ్బు కావచ్చు. పశువైద్యునికి చూపించాలి.

కొడితే "ఇంట్లో పోయకూడదు" అని కుక్కపిల్ల నేర్చుకోదు. "మనుషుల ముందు పోయకూడదు" అని నేర్చుకుంటుంది. అందుకే బయటికి తీసుకెళ్ళినా మన ఎదుట పోయదు, ఇంట్లోకి వచ్చి మంచం వెనుక పోస్తుంది. మూలకు నెట్టి బెదిరిస్తే కరుస్తుంది కూడా. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది చాలా ప్రమాదం.

మేము చేసిన పద్ధతి

1. జనం ఎక్కువగా తిరగని మూలలో గోనెపట్టా పరిచి, నీళ్ళగిన్నె పెట్టాము. ఇల్లంతా ఒకేసారి వదలలేదు.

2. దాని మీదకు వంగి, తల మీద చెయ్యి వేయడం మానాము. పక్కకు తిరిగి కింద కూర్చుంటే అదే వచ్చేది. గడ్డం కింద నిమిరేవాళ్ళము.

3. అన్నం రోజూ ఒకే వేళలకు, 3 సార్లు పెట్టాము. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు.

4. నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత, పడుకునే ముందు, పగలు 2 గంటలకోసారి, రాత్రి ఒకసారి బయటికి తీసుకెళ్ళాము. ప్రతిసారీ అదే వేపచెట్టు కిందకు. తాడు లాగకుండా 5 నిమిషాలు ఊరకే నిలబడేవాళ్ళము. పోయకపోతే ఇంట్లోకి తెచ్చి, కనిపెట్టి ఉండి, కాసేపటికి మళ్ళీ తీసుకెళ్ళేవాళ్ళము.

5. పోయడం పూర్తికాగానే అక్కడే మెల్లగా మెచ్చుకుని, చిన్న రొట్టెముక్క ఇచ్చాము. ఇంటికి వచ్చాక ఇస్తే దేనికిచ్చామో దానికి అర్థం కాదు.

6. ఇంట్లో తడి కనిపిస్తే మాట్లాడకుండా తుడిచాము. అప్పుడు అది పెట్టే "తప్పు చేసిన ముఖం" మన కోపాన్ని చూసి కలిగిన భయమే.

7. తడిని పాత పేపరుతో అద్ది, సబ్బునీళ్ళతో, తరువాత నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవాలి. ఫినాయిల్ వాసన మన ముక్కును మోసగిస్తుంది గాని కుక్క ముక్కును కాదు. పైగా తడి ఫినాయిల్‌ను కుక్క నాకితే హాని.

ఆరోగ్య జాగ్రత్తలు

కుక్క మలంలో ఏలికపాముల, కొంకిపురుగుల గుడ్లు ఉండవచ్చు. మలాన్ని వెంటనే తీసి లోతుగా పూడ్చండి. సబ్బుతో చేతులు కడగండి. ఆ చోట పిల్లలను చెప్పులు లేకుండా తిరగనివ్వవద్దు. ముందు ఇంటివారి టీకా కార్డు లేకపోతే టీకాలు వేయలేదనే భావించి, పశువైద్యునితో పురుగుల మందు, రేబీస్ టీకా వేయించండి.

కరిచినా, గోరుతో రక్కినా పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి రండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. "చిన్న పిల్లే కదా" అని ఊరుకోవద్దు.

మూడో వారానికి ఇల్లు చాలావరకు పొడిగా ఉంది. వీధిలో పెళ్ళి బాజాలు మోగిన రోజున మళ్ళీ తడిపింది. కోప్పడలేదు. మళ్ళీ మొదటి రోజులాగే మొదలుపెట్టాము. ఆయమ్మ తన వంతుగా రోజూ చీపురును నేల మీద పడుకోబెట్టి, పక్కన అన్నం ముద్ద పెట్టేది. మొదట్లో దూరం నుంచే చూసేది. ఇప్పుడు ఆమె ఊడుస్తుంటే ఆ పక్కనే పడుకుని నిద్రపోతోంది.