ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?

పదవ తరగతి చదువుతున్న విద్యార్థులారా! పరీక్షలు కాగానే ఇంటికి వచ్చిన ప్రతివారూ మిమ్మల్ని "ఇంటర్లో ఏ గ్రూపు?" అని అడుగుతారు. దానికి మీరిచ్చే జవాబును బట్టి రెండేళ్ళ తరువాత కొన్ని కళాశాలలు మిమ్మల్ని చేర్చుకుంటాయి, కొన్ని చేర్చుకోవు. ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మంచిది కదా!

"లెక్కలు రావండీ, అందుకని బైపిసి తీసుకుంటాను" అనే పిల్లలు ఏటా నా దగ్గరకు వస్తారు. వారికి నేను చూపించేది నీట్ ప్రశ్నపత్రం. వైద్యవిద్యకు దారి ఆ పరీక్షే. 2025లో దానికి 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగమే జీవశాస్త్రం. మిగతా సగం భౌతిక, రసాయన శాస్త్రాలది, చెరి 180 మార్కులు. భౌతికశాస్త్రంలో లెక్క లేని ప్రశ్నను వెతుక్కోవాలి!

ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. అది ఎంత ఎత్తు పోతుంది? గురుత్వ త్వరణం 10 అనుకోండి. వేగాన్ని వర్గం చేస్తే 400. త్వరణానికి రెట్టింపైన 20తో భాగిస్తే 20 మీటర్లు. ఇది తేలికే. అదే బంతిని ఏటవాలుగా విసిరితే త్రికోణమితి కావాలి. ఆమ్లం పి.హెచ్. విలువ కట్టడానికి సంవర్గమానాలు కావాలి. పోనీ జీవశాస్త్రంలో తప్పించుకుందామంటే, మెండెల్ బఠానీ మొక్కలలో కనుగొన్న 9:3:3:1 నిష్పత్తి కూడా లెక్కే. మూడు వంతులు నాలుగును మూడు వంతులు నాలుగుతో గుణించి చూడండి, తొమ్మిది వంతులు పదహారు వస్తుంది.

కనుక బైపిసి లెక్కలంటే భయపడేవారి గ్రూపు కాదు. తోకకప్పకు కాళ్ళు ఎప్పుడు వస్తాయో చూద్దామని కాలువ గట్టున కూర్చునే వారి గ్రూపు అది. ఎంపిసిలో చేరేవారు కూడా ఒక మాట వినాలి. ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్షలో 160 ప్రశ్నలకు 80 గణితానివే. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చాయనో, స్నేహితుడు చేరుతున్నాడనో చేరితే ఆ సగం బరువు మోయడం కష్టం.

ఇక ప్రవేశ ప్రకటనలలో "అర్హతలు" అనే పేరా ఉంటుంది. చాలామంది దానిని చివర చదువుతారు. నా మాట విని ముందే చదవండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాన్నే తీసుకోండి. అక్కడ వ్యవసాయ బి.ఎస్సీ.కి బైపిసి వారు వెళతారు. ట్రాక్టర్లు, నీటిపారుదల గురించి చెప్పే వ్యవసాయ ఇంజనీరింగుకు ఎంపిసి వారు వెళతారు. పొలమంటే ఇష్టమని చెబితే చాలదన్నమాట. బి.ఫార్మసీకి రెండు గ్రూపులవారూ అర్హులే. ఆర్కిటెక్చరుకు గణితం ఉండాలి. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో సైన్యం విభాగానికి ఏ గ్రూపైనా సరే, నౌకాదళానికీ వైమానికదళానికీ మాత్రం భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. పైగా అందరూ వ్రాసే 900 మార్కుల రాతపరీక్షలో 300 గణితానివి. న్యాయశాస్త్రానికీ, సి.ఏ.కీ ఏ గ్రూపైనా ఫరవాలేదు. అయితే సి.ఏ. ఫౌండేషనులో కూడా వ్యాపార గణితం, గణాంకశాస్త్రం కలిపి ఒక పేపరు ఉంది.

సెక్షను పేరుకు ముందు "సూపర్" అనో "స్టార్" అనో తగిలించినంత మాత్రాన బోర్డు పాఠ్యపుస్తకం మారదు. దానికోసం నాన్నగారిచేత అప్పు చేయించకండి.

ఈ వేసవిలో మీ వీధిలో ఇంటర్ చదివిన అన్నయ్యనో, అక్కయ్యనో అడిగి మొదటి సంవత్సరం పుస్తకాలు తెచ్చుకోండి. ఒక వారం భౌతికశాస్త్రంలో సదిశల పాఠం చదివి లెక్కలు చేయండి. మరో వారం జీవశాస్త్రంలో కణం పాఠం చదివి బొమ్మలు వేయండి. ఏ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు అమ్మ అన్నానికి రెండుసార్లు పిలవవలసి వచ్చిందో గుర్తుంచుకుని, దరఖాస్తు నింపే రోజున ఇంట్లో పెద్దలకు ఆ సంగతి చెప్పండి.